ఒడ్డున దిగిన గుండీ

ఆ వానాకాలం మా అల్లుడు ఎన్నిసార్లు చావబోయి బతికాడో ఒక్కటీ పోకుండా చెప్పగలను. ఒకసారి కొండ విరిగి మీద పడబోయింది. ఒకసారి రాణిగారి వంటవాడు గిన్నెలో విషం కలిపాడు. ఇంకోసారి ఎవరూ చెప్పకుండానే వెళ్లి, నిద్రపోతున్న రాక్షసి జడ పట్టుకు లాగాడు. అన్నిసార్లూ మా అబ్బాయి అడ్డంపడి, తన ప్రాణం పోగొట్టుకుని బావ ప్రాణం నిలబెట్టాడు. గుండెలు పట్టుకోకండి. ఇదంతా ఆటలో.

ఆట తెచ్చిపెట్టింది మా గువ్వ. గువ్వ మా అబ్బాయి కూతురు, ఆ ఏడే కాలేజీలో చేరాలి. దాని తల్లి అది నడక నేర్చేలోపే పోయింది. పెంచింది మా అమ్మాయి. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. కింద నేను, మా అబ్బాయి, గువ్వ. పైన మా అమ్మాయి, అల్లుడు. పొయ్యి మాత్రం ఒక్కటే, కింద. నేను బతికుండగా ఈ ఇంట్లో రెండో పొయ్యి వెలగకూడదని నా పంతం. గువ్వ పొద్దున్నే దువ్వెన పట్టుకుని మెట్లెక్కేది. నేను జడ వేస్తానంటే, "నువ్వు గుండీ కుట్టినట్టు బిగిస్తావు నానమ్మా, తల నొప్పెడుతుంది" అనేది.

ఆ ఆటలో గళ్లూ గీతలూ ఉండవు. గువ్వ కథ చెబుతుంది, ఆ కథలో మనం తలా ఒక మనిషిమవుతాం. "ఎదురుగా గుహ ఉంది, లోపలినుంచి మూలుగు వినబడుతోంది, ఏం చేస్తారు?" అంటుంది. మనం చేసేది చెప్పాలి. అది జరుగుతుందో లేదో తేల్చడానికి బోలెడు ముఖాలున్న పాచిక ఒకటి దొర్లిస్తుంది. మా అబ్బాయి పడవ నడిపే సరంగు. మా అల్లుడు దొంగ. మా అమ్మాయి విల్లు పట్టిన యోధురాలు, కదిలినదాన్నల్లా కొట్టేది. నాకేమీ చేతకాదంటే నన్ను మంత్రసానిని చేశారు.

మొదటిరోజు గుహలోంచి దయ్యం వచ్చింది. "నానమ్మా, నోరు తెరిచి నీ మీదికే వస్తోంది. ఏం చేస్తావు?"

"ఎన్నాళ్లయిందే తిని, అని అడుగుతాను."

మా అల్లుడు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారాడు. గువ్వ పాచిక వేసింది. పెద్ద అంకె పడింది. దయ్యం బావురుమని ఏడ్చి నా ఒళ్లో తల పెట్టుకుందట. అప్పటినుంచీ ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి ముందుగా బల్ల దగ్గర కూర్చునేది నేనే.

నేను ఇంట్లోనే షర్టులకు కాజాలు తీసి గుండీలు కుట్టేదాన్ని. ఆడింది ఆ గుడ్డలు పరిచే బల్ల మీదే. మనుషులకు బదులు నా డబ్బాలోంచి గుండీలు. నాది తెల్ల ముత్యపు గుండీ, మా అమ్మాయిది ఇత్తడిది, అల్లుడిది పాత కోటు నుంచి ఊడిన నల్ల గుండీ, నాలుగు కన్నాల్లో ఒకటి కాస్త చిట్లి ఉండేది. గుండీ చేతిలో పట్టుకుని అన్న మాట ఆ మనిషి అన్నట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు. ఒకరి గుండీ ఒకరు ముట్టుకోకూడదు. ఈ రెండో కట్టుబాటు మా అమ్మాయిది. అల్లుడు ఊరికే అందరి గుండీలూ కదిపేస్తుంటే, నా కొలత స్కేలు తీసుకుని మొగుడి వేళ్ల మీద ఒక్కటేసి పెట్టిన కట్టుబాటు. ఆ తర్వాత ఆ స్కేలు ప్రతి ఆటకీ దాని పక్కనే ఉండేది.

చచ్చినవాళ్ల గుండీ ఒక సీసాలో వేసేవాళ్లం. గాజులో గాలిబుడగ నిలిచిపోయిన పనికిరాని సీసా, మా అబ్బాయి ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడు. అందులో పడినవన్నీ వాడి గుండీలే. ఒక సరంగు పోతే ఇంకో సరంగుగా వచ్చేవాడు, మళ్లీ ఎవరికోసమో దూకేవాడు. "నా డబ్బా ఖాళీ చేస్తున్నావురా, కాస్త బతకరాదూ" అని నేనే విసుక్కునేదాన్ని.

మగవాళ్లిద్దరిదీ సీసాల ఫ్యాక్టరీ. అబ్బాయి ఫోర్‌మన్. అల్లుడు అదే షిఫ్టులో అచ్చుల దగ్గర. ఎర్రగా కాగే అచ్చులకు నూనె పుయ్యడం, అరిగినవి తీసి కొత్తవి బిగించడం. ముంజేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. అక్కడ రెండు కొలుములు ఉండేవి. గాజు కొలిమి మన పొయ్యిలాంటిది కాదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి పగలూ రాత్రీ మండాల్సిందే. ఆరిపోతే లోపల గాజు గడ్డకట్టి కొలిమి మొత్తం పాడవుతుంది. అందుకే, అందరూ ప్లాస్టిక్ సీసాలు కొంటున్నారు గనక ఒక కొలిమి ఆర్పేస్తారన్న మాట తొలి వానతోపాటు ఇంట్లోకి వచ్చినప్పుడు, మళ్లీ ఎప్పుడు వెలిగిస్తారని ఎవరూ అడగలేదు.

ఒక్క కొలిమికి అచ్చుల దగ్గర ఒక్క మనిషి చాలు. వీళ్ల షిఫ్టులో ఉన్నది ఇద్దరు. ఒకరు మా అల్లుడు. రెండోవారు చెవిటి పెద్దాయన. ఆయన చెవులు ఆ ఫ్యాక్టరీ హోరులోనే పోయాయి. భార్య మంచాన పడి ఉంది. ఇక్కడినుంచి పంపేస్తే ఆ వయసులో, ఆ చెవులతో, ఇంకో గుమ్మం ఎవరూ ఎక్కనివ్వరు. ఎవరుండాలో చెప్పాల్సింది ఫోర్‌మన్.

ఇది ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ దాని పక్కనుంచి నడిచిపోయేవాళ్లు, గదిలో తడిబట్టలు ఆరేసినప్పుడు తల వంచుకుని పోయినట్టు. మా అబ్బాయి షిఫ్టు నుంచి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడిగేవాడు. మసి పోయినా కడుగుతూనే ఉండేవాడు.

"నీళ్లు దండగరా" అన్నాను ఒకరోజు.

"ఆ, అయిపోయింది" అన్నాడు గానీ కుళాయి కట్టెయ్యలేదు.

ఆ రోజుల్లోనే అల్లుడి చిన్ననాటి స్నేహితుడు ఫోన్ చేశాడు. వేరే ఊళ్లో నీటి పంపుల ఫ్యాక్టరీలో ఉంటాడు. అక్కడ ఒక చోటు ఖాళీ అవుతోంది, వస్తానంటే అట్టేపెడతాను, వారంలోగా తేల్చి చెప్పమన్నాడు. నేను పైన ఆరేసిన బట్టలు తీస్తున్నాను. వాళ్ల గది తలుపు తీసే ఉంది.

"వెళదామండీ" అంది మా అమ్మాయి. "ఇక్కడ ఏం తేలుతుందో దేవుడికే తెలియదు."

"మీ అన్నయ్య ఉండగా నన్నెవరు తీస్తారే?"

"అన్నయ్య మీద పెట్టకండి. వాడేం చేస్తాడు పాపం."

"నీకు మీ అన్నయ్య సంగతి తెలియదు."

"నాకు తెలియదా! పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను."

"అందుకే కనబడదు. గుండీ చేతిలో ఉన్నప్పుడు చూడు వాణ్ని. అక్కడ మనిషి తనను తాను దాచుకోలేడు. ఒక్కసారైనా నన్ను వదిలేశాడా? సీసా నిండా ఎవరున్నారు?"

"ఆటకీ దీనికీ ముడి పెడతారేంటండీ!"

"ఆటలోనే మనిషి బయటపడతాడే." నవ్వి, బట్టల మూట నా చేతిలోంచి అందుకున్నాడు. "అత్తయ్యా, ఈ ఫోన్ సంగతి బావతో అనకండి. వాడి మీద నమ్మకం లేక వెతుక్కుంటున్నాననుకుంటాడు. ఇప్పటికే చిక్కిపోయి ఉన్నాడు."

శుక్రవారం పొద్దున మెట్ల మీద నిలబడి స్నేహితుడికి ఫోన్ చేశాడు. "వద్దులేరా, ఇంకెవరికైనా ఇప్పించు. నాకిక్కడ మా బావ ఉన్నాడు." ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతులో ఎంత గర్వమో. నా కొడుకు గురించి అలా అంటుంటే నాకూ కడుపు నిండినట్టే ఉంది.

ఆదివారం గువ్వ ముందుగానే బల్ల సర్దింది. నీలం లైనింగు గుడ్డ పరిచి, ఇది నది అంది. దాని మీద అట్టపెట్టె మూత, అది పడవ. గుడ్డ దాటి కనబడే చెక్క ఒడ్డు.

"ఈసారి నాన్నకి దూకే వీల్లేకుండా చేశాను నానమ్మా" అంది నా చెవిలో. "ఎప్పుడూ తనే చచ్చిపోయి తేల్చేస్తాడు. అందులో కష్టం ఎక్కడుంది? నిజంగా ఆలోచించాలి ఈసారి."

దానికి ఫ్యాక్టరీ సంగతులు మేమెవ్వరం చెప్పేవాళ్లం కాదు. కాలేజీ ముందు పెట్టుకుని ఎందుకులే అని. అది పుస్తకాలు, పాచికలు, మామయ్య జోకులు తప్ప ఏమీ ఎరగదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దాన్ని ఎవరూ అనుమానించకూడదు.

వాన పైరేకు మీద దబదబా కొడుతోంది. కథలో కూడా వానే. వెనక శత్రువుల సైన్యం తరుముకొస్తోంది. పడవలో మేం నలుగురం, మాతో నొప్పులు పడుతున్న ఒక గర్భిణి, నది పొడుగునా దీపాలు వెలిగించే గుడ్డి ముసలాయన. వాళ్లిద్దరి సంగతీ గువ్వే చెబుతుంది, ముసలాయనకు గుర్తుగా ఒక చెక్క గుండీ. పడవకు చిల్లు పడింది. ఒక్కరు దిగితే మిగతావాళ్లు అవతలికి చేరతారు.

మా అబ్బాయి తన గుండీ ఎత్తాడు. "నేను దిగుతున్నాను."

"సరంగు దిగితే పడవ తిప్పేవాళ్లు లేరు నాన్నా. అందరూ మునుగుతారు."

"సరే, ముసలిదాన్ని నేను దిగుతానే" అన్నాను.

"మంత్రసాని పడవలో పురుడు పోస్తోంది. బిడ్డ తల బయటికొచ్చింది. వదిలేసి పోతావా?"

"అమ్మో, ఎలా పోతాను!"

"నేను?" అంది మా అమ్మాయి.

"తాడు నీ చేతిలో ఉందత్తా. వదిలితే పడవ సుడిలోకి పోతుంది." గువ్వ కళ్లు మెరుస్తున్నాయి. అన్ని తలుపులూ మూసింది. "ఇక దీపాలాయన, లేకపోతే దొంగ. చెప్పాల్సింది సరంగు, పడవ ఆయనది."

మా అల్లుడు కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. "చూడండి, ఏదో ఒకటి కనిపెడతాడు మా బావ."

మా అబ్బాయి చాలాసేపు నీలం గుడ్డ వంకే చూశాడు. "దీపాలాయన దిగితే?"

"చూపు లేదు, పరిగెత్తలేడు. దొరికిపోతాడు, అంతే."

"దొంగ దిగితే?"

"దొంగ కుర్రాడు నాన్నా. పరిగెత్తగలడు. బతకొచ్చు, బతక్కపోవచ్చు. పాచిక చెప్పాలి."

వాడు తన గుండీ కింద పెట్టేశాడు. చెయ్యి చాపి, రెండు వేళ్లతో నల్ల గుండీ ఎత్తాడు. అట్టమూత లోంచి తీసి, గుడ్డ అవతల, చెక్క మీద పెట్టాడు.

స్కేలు మా అమ్మాయి చేతి పక్కనే ఉంది. అది దాన్ని ముట్టుకోలేదు.

"ఆయన ఎక్కడికి పోతాడు బావా" అన్నాడు మా అబ్బాయి, గుడ్డ మీదనుంచి చూపు తిప్పకుండానే. "నీకు కాళ్లున్నాయి."

గువ్వ సంబరంగా పాచిక అందుకుంది. "వెయ్యనా మామయ్యా? పరిగెత్తుతున్నావా?"

"ఉండమ్మా" అన్నాడు మా అల్లుడు. "ఒక్క నిమిషం ఉండు." కట్టుకున్న చేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఎప్పుడు చెప్పావు బావా?"

"గురువారం. ఫ్యాక్టరీవాళ్లు పిలిచి చెప్పేదాకా బయటికి అననని మాట తీసుకున్నారు. నీకింకా రెండు వారాల గడువుంది." అప్పుడు తలెత్తాడు. మాట గబగబా వచ్చింది. "ఆ పంపుల ఫ్యాక్టరీలో నీ స్నేహితుడున్నాడు కదా. ఇవ్వాళే ఫోన్ చెయ్యి. మిగతావాళ్లకి తెలిసేలోపు నువ్వు ముందుండు. అందుకే..."

"శుక్రవారం చేశాను."

"ఏమన్నాడు?"

"వాడు రమ్మనే అన్నాడు. నేనే వద్దన్నాను."

బయట తూములోంచి నీళ్లు పడుతున్న చప్పుడు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. దయ్యాన్నైతే తిన్నావా అని అడిగాను. వీళ్లని ఏమని అడగను? ఒకడు నా కడుపున పుట్టినవాడు, ఒకడు నా కూతురి బతుకు.

"ఆటలో ఎప్పుడూ నువ్వే దూకేవాడివి కదా బావా." కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది.

"ఆటలో నాకు కూతురు లేదు బావా."

గువ్వ పాచికను గుప్పిట్లో మూసుకుంది. వాళ్ల నాన్న ముఖం చూసింది, మామయ్య ముఖం చూసింది, నల్ల గుండీని చూసింది. మెల్లగా లేచి వెళ్లింది. పైకి వెళుతుందనుకున్నాను. మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది, పైకీ పోలేదు, కిందికీ రాలేదు.

సాయంత్రం అల్లుడు స్నేహితుడికి మళ్లీ ఫోన్ చేశాడు. చోటు నిండిపోయింది.

మర్నాడు పొద్దున మా అమ్మాయి కిందికే వచ్చి గువ్వకి జడ వేసింది. మా అబ్బాయి షిఫ్టుకి చొక్కా వేసుకుంటున్నాడు.

"పిల్లల్లేనివాళ్లు తేలిగ్గా కదులుతారని అన్నారట కదా అన్నయ్యా అక్కడ?"

"నేననలేదు. మేనేజర్ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

వాడు గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక కాజా తప్పి పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"ఈ జడ ఎవరు వేస్తారో చెప్పలేదా?" అంది మా అమ్మాయి. అది గొంతు పెంచలేదు. రిబ్బను ముడి మాత్రం రెండుసార్లు వేసి రెండుసార్లు విప్పింది. గువ్వ మెడ వంచుకుని అలాగే కూర్చుంది, తల నొప్పెడుతోందని ఒక్క మాట అనలేదు.

వాడు విప్పిన గుండీ అలాగే వదిలేసి షిఫ్టుకి వెళ్లిపోయాడు. పెద్దాయన్ని పంపేసి ఉంటే ఈ ఇంట్లో అన్నం సయించేదా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. సయించేది కాదు. ఇప్పుడూ సయించడం లేదు.

పెద్దాయన ఒకరోజు వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే పెట్టి, తడి కాళ్లతో లోపలికి రావడానికి మొహమాటపడి, గడప దగ్గరే నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరో ఒకరన్నంతవరకే ఆయనకు తెలుసు. రెండోవాడు మా అల్లుడేనని, ఆ అల్లుడు మా మేడమీదే ఉంటాడని తెలియదో, మర్చిపోయాడో. చెవిటివాళ్లు తమ గొంతు తమకు వినబడదు గనక అరుస్తారు.

"నీ మేలు మర్చిపోను నాయనా!" అని అరిచాడు. "మా ఆవిడ మందులకి దిగుల్లేకుండా చేశావు! నీ పిల్లాపాపా చల్లగా ఉండాలి!"

మా అబ్బాయి చేత్తో పైకి చూపిస్తూ, మెల్లగా, మెల్లగా అని సైగ చేశాడు. ఆయన అది ఆశీర్వాదానికి వద్దనడం అనుకున్నాడు.

"వద్దంటే ఎలా! నీలాంటివాడు ఎవరున్నారయ్యా! ఇంకొకడైతే సొంతవాళ్లని పెట్టుకునేవాడు!"

పైన పెట్టెలు జరుపుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. నేను ఆయనకి గ్లాసుడు వేడి టీ ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆయన తప్పేముంది?

మా అమ్మాయీ అల్లుడూ వెళ్లింది వానలు ఇంకా తగ్గకముందే. ఎక్కడో ఓడలరేవు దగ్గర గోదాముల్లో సరుకు ఎత్తి దించే పని దొరికింది. అచ్చుల మీద అంత చెయ్యి తిరిగినవాడు మూటలు మోయడానికి వెళ్లాడు. వ్యాను మీద టార్పాలిన్ కప్పి తాడు బిగిస్తుంటే మా అబ్బాయి ఇవతలి కొస పట్టుకున్నాడు, అల్లుడు అవతలి కొస. "ఇంకాస్త లాగు" "చాలు" "ముడి గట్టిగా వెయ్యి బావా" అంతే మాటలు. ఎవరైనా చూస్తే ఇద్దరూ కలిసి ప్రయాణం కడుతున్నారనుకుంటారు.

మా అమ్మాయి నా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కడ నాకో పొయ్యి కొనుక్కోవాలమ్మా" అంది. నా పంతం దానికి తెలుసు. నా పెద్ద గిన్నె తీసి చేతిలో పెట్టాను. ఇంత పెద్దది మా ఇద్దరికెందుకమ్మా అంది. పట్టుకెళ్లవే అన్నాను.

అల్లుడు ఆఖరున లోపలికి వచ్చాడు. బల్ల మీద గుడ్డ ఆ ఆదివారం పరిచినట్టే ఉంది. నేను నా కుట్టుపని ఒళ్లో పెట్టుకుని చేసుకుంటున్నాను గానీ దాన్ని తియ్యలేదు. నల్ల గుండీ చెక్క మీద అలాగే ఉంది.

"నీ గుండీ తీసుకెళ్లు మామయ్యా" అంది గువ్వ. ముక్కు ఎర్రగా ఉంది. "లేకపోతే పాచిక వెయ్యి. వేసి చెప్పు. బతికాడనే చెప్పు."

వాడు దాని తల మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడే ఎలా తెలుస్తుందే పిచ్చిపిల్లా. ఇంకా పరిగెత్తుతున్నాడు."

గుండీ ముట్టుకోకుండానే వెళ్లాడు.

వానలు వెనకబట్టాక, గువ్వ కాలేజీకి వెళ్లడానికి ముందు ఆదివారం, మా అబ్బాయి తనంతట తనే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. మేం ముగ్గురమే. పైన ఎవరూ నడవడం లేదు. వాడు తన గుండీ ఎత్తలేదు. ఇత్తడి గుండీ వంక, ముత్యపు గుండీ వంక చూశాడు. తర్వాత ఒడ్డు వంక.

"వాడికి ఏమైంది?" అని అడిగాడు కూతుర్ని.

"ఎవరికి నాన్నా?"

"దొంగకి. నువ్వే కదా కథ చెప్పేది. చెప్పు, ఏమయ్యాడు?"

గువ్వ పాచికను బల్ల మీద పెట్టి, వాళ్ల నాన్న వైపు జరిపి, మళ్లీ తన వైపు లాక్కుంది. "నేను చెప్పకూడదు నాన్నా. మామయ్య చెప్పాలి. గుండీ ఆయన చేతిలో ఉండాలి."

వాడు తలూపాడు. కట్టుబాటు కట్టుబాటే కదా. లేచి కుళాయి దగ్గరికి వెళ్లాడు, ఆ రోజు సెలవే అయినా.

ఆ బల్ల ఇప్పటికీ ముందుగదిలోనే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు అన్నీ ఎత్తి తుడుస్తాను, స్కేలు, డబ్బా, సీసా. ఆ నల్ల గుండీ మాత్రం ఎత్తను. దాని చుట్టూ తుడుస్తాను.